గ్యాస్ డ్రైయర్‌లో మంట ఆగిపోతుంటే: 279834 వాల్వ్ కాయిల్ కిట్ రివ్యూ

మొదటి లోడు బట్టలు శుభ్రంగా ఆరతాయి. వెంటనే రెండో లోడు వేస్తే గంటసేపు తిరిగినా తువ్వాళ్లు తడిగానే బయటికొస్తాయి. మిషన్‌ని కాసేపు వదిలేసి మళ్లీ వేస్తే వేడి వస్తుంది, కొద్ది నిమిషాలకే మళ్లీ చల్లబడుతుంది. వర్ల్‌పూల్ తయారీ గ్యాస్ డ్రైయర్ ఇలా చేస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది గ్యాస్ వాల్వ్ మీద కూర్చుని, కరెంటు పారినప్పుడు దాని తలుపులు తెరిచే రెండు తీగచుట్టల్ని, అంటే కాయిల్స్‌ని. ఆ రెండూ కలిపి అమ్మే కిట్ నంబరు 279834. సరైన లక్షణం చూసి కొంటే గ్యాస్ డ్రైయర్‌లో చవకైన, తేలికైన రిపేర్లలో ఇదొకటి. "వేడి రావట్లేదు" అన్న ఒక్క ముక్క పట్టుకుని కొంటే మాత్రం డబ్బు దండగ అయ్యే అవకాశమే ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఈ కిట్‌కి ఒక్క స్టార్ ఇచ్చి తిట్టిన రివ్యూలు చదవండి. చాలావాటిలో పాడైంది కాయిల్ కానే కాదని వాళ్లు రాసిన లక్షణాల్లోనే తెలిసిపోతుంది.

ఇండియాలో డ్రైయర్ ఉన్న ఇళ్లే తక్కువ, ఉన్నా అది కరెంటుదే. అమెరికాలో డాలస్, న్యూజెర్సీ, షికాగో వైపు ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి గ్యాస్ డ్రైయర్ ఇంటితోపాటే వచ్చి పడుతుంది. మీది ఏదో తేల్చుకోవడానికి వెనక్కి తొంగిచూస్తే చాలు. మామూలు 120 వోల్టుల ప్లగ్గూ, పక్కనే గోడలోంచి వచ్చే గ్యాస్ గొట్టమూ ఉంటే గ్యాస్ డ్రైయర్. లావుపాటి 240 వోల్టుల ప్లగ్గు ఉంటే కరెంటు డ్రైయర్, దానికి ఈ కిట్‌తో పనే లేదు.

వర్ల్‌పూల్, రోపర్, అమానా, మేట్యాగ్ పేర్లతో వచ్చిన చాలా మోడళ్లకు ఇది సరిపోతుంది. కెన్‌మోర్ విషయంలో కాస్త జాగ్రత్త. ఆ పేరుతో డ్రైయర్లు అమ్మిన సియర్స్ దుకాణాల సంస్థ వాటిని సొంతంగా తయారుచేయలేదు, వేరే కంపెనీల చేత చేయించి కెన్‌మోర్ పేరు వేసుకుంది. మోడల్ నంబరులో చుక్కకి ముందున్న మూడంకెలు అసలు తయారీదారు ఎవరో చెబుతాయి. 110 అయితే వర్ల్‌పూల్, 417 అయితే ఫ్రిజిడైర్, 796 అయితే ఎల్‌జీ, 592 అయితే శాంసంగ్. 110 కాకపోతే ఈ కిట్ జోలికి పోకండి, మీ మోడల్‌కి చెప్పిన కాయిల్స్ విడిగా దొరుకుతాయి. మోడల్ నంబరు స్టిక్కరు తలుపు తెరిస్తే ఆ చట్రం మీదే ఉంటుంది.

మంట వెలిగే క్రమం

ఇది అర్థమైతే మిగతా రివ్యూ మీకు మీరే రాసుకోవచ్చు. డ్రైయర్‌లో ఎప్పుడూ వెలిగే పైలట్ మంట ఉండదు. ఇగ్నైటర్ అనే సిలికాన్ కార్బైడ్ ముక్క కరెంటుతో ఎర్రగా, తర్వాత నారింజ రంగులోకి కాలుతుంది. గ్యాస్ వచ్చి దానికి తగిలి అంటుకుంటుంది. కానీ ఇగ్నైటర్ పూర్తిగా కాలేదాకా గ్యాస్ రాకూడదు కదా. ఆ కాపలా పని బర్నర్ గొట్టం పక్కన ఒకే స్క్రూతో బిగించి ఉండే ఫ్లేమ్ సెన్సర్‌ది. అది చల్లగా ఉన్నప్పుడు దానిలోంచి కరెంటు పారుతుంది, ఇగ్నైటర్ వేడి తగిలితే తెగుతుంది.

వాల్వ్‌లో తలుపులు రెండు. మొదటిదాన్ని లాగేది మూడు పిన్నుల కాయిల్, దాని లోపల చుట్టలు రెండు ఉంటాయి. ఒకటి తలుపు తెరవడానికి అదనపు బలం ఇస్తుంది, రెండోది తెరిచాక పట్టి ఉంచుతుంది. రెండో తలుపు పని రెండు పిన్నుల కాయిల్‌ది. డ్రైయర్ మొదలవగానే మొదటి తలుపు తెరుచుకుంటుంది, రెండోది మూసే ఉంటుంది. కరెంటంతా సెన్సర్ మీదుగా ఇగ్నైటర్‌కే పోతుంది. అర నిమిషం నుంచి నిమిషంలోపు ఇగ్నైటర్ బాగా కాలి సెన్సర్ తెగుతుంది. అప్పటిదాకా పక్కన పెట్టేసిన రెండు పిన్నుల కాయిల్ ఇప్పుడు ఇగ్నైటర్‌తో వరసలోకి వస్తుంది. ఆ కాయిల్ కరెంటుకి పెట్టే అడ్డు (రెసిస్టెన్స్) 1,220 ఓమ్స్ దాకా ఉండడంతో ఇగ్నైటర్‌కి వెళ్లే కరెంటు సన్నగిల్లి అది ఆరిపోవడం మొదలవుతుంది. అదే క్షణంలో రెండో తలుపు టక్కున తెరుచుకుంటుంది. ఇంకా ఎర్రగానే ఉన్న ఇగ్నైటర్‌కి గ్యాస్ తగిలి భుగ్గుమని మంట లేస్తుంది. ఇకపైన ఆ మంట వేడే సెన్సర్‌ని తెంచి ఉంచుతుంది.

ఈ ఏర్పాటులో ఒక తెలివి ఉంది. ఇగ్నైటర్ విరిగిపోతే దానితో వరసలో ఉన్న కాయిల్‌కి కూడా కరెంటు అందదు, కాబట్టి రెండో తలుపు తెరుచుకోదు. అంటించేది లేకుండా గ్యాస్ మాత్రం వచ్చేయడం అనే ప్రమాదానికి వైరింగ్‌లోనే అడ్డుకట్ట వేశారు. బోర్డూ లేదు, చిప్పూ లేదు. చౌక వస్తువులతో చేసిన మంచి ఇంజనీరింగ్ అంటే ఇదీ.

కాయిల్ ఎందుకు పాడవుతుందంటే, సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ప్లాస్టిక్‌లో పోత పోసి ఉంటుంది, పక్కనే బర్నర్. ఏళ్ల తరబడి వేడెక్కడం, చల్లారడం జరిగేసరికి తీగ ఎక్కడో ఒకచోట బలహీనపడి తెగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ రెండు కొసలూ ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి, వేడెక్కితే విడిపోతాయి. అందుకే మొదటి లోడు ఆరి రెండో లోడు ఆరదు.

కొనే ముందు రెండు నిమిషాలు మంట చూడండి

ముందు పైపైన తేల్చుకోవాల్సినవి. సెట్టింగు ఎయిర్ ఫ్లఫ్ (వేడి లేకుండా గాలి మాత్రమే) మీద ఉంటే వేడి రాదు, అది లోపం కాదు. డ్రైయర్ వెనక గ్యాస్ కవాటం పిడి గొట్టంతో పాటు ఒకే దిశలో ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఈ మధ్యే ఇల్లు మారినా, డ్రైయర్‌ని జరిపినా మొదట చూడాల్సింది ఇదే. వంటింట్లో గ్యాస్ స్టవ్ కూడా వెలగట్లేదంటే సమస్య డ్రైయర్‌ది కాదు, గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.

ఇక అసలు పరీక్ష. లింట్ ఫిల్టర్ (బట్టల నుంచి రాలే నూగుని పట్టే జాలీ) పైన ఉండే మోడళ్లలో కింద చిన్న ప్యానెల్ ఉంటుంది. పుట్టీ కత్తిని దాని పై అంచు సందులో దూర్చి క్లిప్పుని నొక్కితే ముందుకు వాలుతుంది. ఫిల్టర్ తలుపు దగ్గరుండే మోడళ్లలో ముందు భాగం పెద్ద ముక్కగా ఊడుతుంది, దానికి ఇంకొంచెం ఓపిక కావాలి. ప్యానెల్ తీసేటప్పుడు ప్లగ్గు పీకే ఉండాలి. తీశాక ప్లగ్గు పెట్టి, చేతులు దూరంగా ఉంచి, హై హీట్ మీద నడిపి బర్నర్ గొట్టం వైపు చూడండి. గదిలో దీపం ఆర్పితే ఇగ్నైటర్ వెలుగు స్పష్టంగా తెలుస్తుంది.

ఇగ్నైటర్ కాలి, ఆరిపోయి, మంట మాత్రం రాకుండా, కాసేపటికి మళ్లీ కాలి, మళ్లీ ఆరిపోతుంటే దోషి దాదాపుగా కాయిలే. సెన్సర్ తన పని తాను చేస్తోంది, ఇగ్నైటర్ తన పని తాను చేస్తోంది, తలుపు మాత్రం తెరుచుకోవట్లేదు. 279834 కొనాల్సింది ఈ ఒక్క దృశ్యానికే. మొదటిసారి మంట వచ్చి, పది పదిహేను నిమిషాల తర్వాత ఇదే వరస మొదలైనా లెక్క అదే. కాబట్టి చల్లటి మిషన్‌ని రెండు నిమిషాలు చూసి "బాగానే వెలుగుతోందే" అనుకుని ప్యానెల్ పెట్టేయకండి. ఒక లోడు ఆరాక, మిషన్ వేడి మీద ఉండగా చూడండి.

ఇగ్నైటర్ కాలి, కాలుతూనే ఉండి, ఎంతసేపటికీ ఆరకపోతే సెన్సర్ అతుక్కుపోయింది. దాని నంబరు 338906. కాయిల్ మార్చినా ఒరిగేదేమీ లేదు.

ఇగ్నైటర్ అసలు వెలగకపోతే చూడాల్సినవి నాలుగైదు ఉన్నాయి. ఇగ్నైటర్ విరిగి ఉండొచ్చు, సెన్సర్ తెగిపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్‌లలో ఒకటి పోయి ఉండొచ్చు, 196 డిగ్రీల ఫారెన్‌హీట్ థర్మల్ ఫ్యూజ్ 3392519 కాలి ఉండొచ్చు. ఈ ఫ్యూజ్ పోతే మోడల్‌ని బట్టి కొన్నిటిలో డ్రమ్ము తిరగడమే మానేస్తుంది. మోటారులోని సెంట్రిఫ్యూగల్ స్విచ్ కూడా ఈ జాబితాలోదే. మోటారు పూర్తి వేగం అందుకున్నాకే అది బర్నర్‌కి కరెంటు వదులుతుంది. వీటిలో దేనికీ కాయిల్ కిట్ మందు కాదు.

మంట బాగానే వచ్చి నిమిషాల్లోనే ఆగి, ఇగ్నైటర్ కూడా వెంటనే వెలగకపోతే గాలి దారి మూసుకుపోయి, వేడి మితిమీరితే బర్నర్‌ని ఆపే హై లిమిట్ థర్మోస్టాట్ కట్ చేస్తోందని అనుకోవాలి. కాయిల్ లోపానికీ దీనికీ తేడా ఇక్కడే. కాయిల్ పోతే ఇగ్నైటర్ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, హై లిమిట్ కట్ చేస్తే అంతా చీకటి. జనం ఎక్కువగా పొరబడేది ఈ రెంటి మధ్యే, అనవసరంగా కిట్ కొనేదీ ఇక్కడే.

మీటరుతో చూస్తే

మల్టీమీటరు ఉన్నవాళ్లు ప్లగ్గు పీకి, కాయిల్స్ మీది కనెక్టర్లు ఊడదీసి కొలవచ్చు. మూడు పిన్నుల కాయిల్‌లో 1, 2 పిన్నుల మధ్య 1,365 ఓమ్స్, 25 అటూ ఇటూగా. 1, 3 మధ్య 560, అదీ 25 అటూ ఇటూగా. రెండు పిన్నుల కాయిల్‌లో 1,220, 50 అటూ ఇటూగా. ఇగ్నైటర్ చల్లగా ఉన్నప్పుడు 50 నుంచి 500 ఓమ్స్ మధ్య ఎంత చూపినా మంచిదే. ఏమీ చూపకపోతే విరిగినట్టే, కంటికి పగులు కనబడకపోయినా సరే. సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు సున్నాకి దగ్గరగా చూపాలి.

ఒక మెలిక. పాడైన కాయిల్ కూడా చల్లగా ఉన్నప్పుడు చాలాసార్లు సరైన అంకే చూపిస్తుంది. మీటరు బాగుందంటోంది కాబట్టి కాయిల్ బాగుందని తేల్చేయకండి. కొలవాలంటే మంట ఆగిన వెంటనే, ప్లగ్గు పీకిన మరుక్షణం కొలవాలి. అప్పుడు ఒక చుట్ట తెగినట్టు చూపిస్తే సందేహమే లేదు. మీటరు లేనివాళ్లు బాధపడక్కర్లేదు, ఇగ్నైటర్ వెలిగి ఆరి మంట రాకపోవడం మీటరు కన్నా నమ్మదగ్గ సాక్ష్యం.

కిట్‌లో ఏముంది, బిగించడం ఎలా

డబ్బాలో ఉండేవి రెండు కాయిల్స్, అంతే. స్క్రూలు, బ్రాకెట్ రావు, పాతవే వాడుకోవాలి. కాయిల్స్ గ్యాస్ పారే దారికి బయట, వాల్వ్ పైనున్న గొట్టాల మీద తొడుగుల్లా కూర్చుంటాయి. అంటే ఈ రిపేరులో గ్యాస్ పైపు ఎక్కడా విప్పక్కర్లేదు. ఇంట్లో చేసుకోదగ్గ పనిగా దీన్ని చెప్పడానికి పెద్ద కారణం ఇదే.

ప్లగ్గు పీకండి, గ్యాస్ కవాటం మూయండి. డ్రైయర్ అంతకుముందే నడిచి ఉంటే అరగంట చల్లారనివ్వండి, బర్నర్ గొట్టం చర్మం ఊడేంత కాలుతుంది. వాల్వ్ బర్నర్ గొట్టం మొదట్లోనే ఉంటుంది, దానిపైన నల్లటి కాయిల్స్ రెండు పక్కపక్కన కనిపిస్తాయి. వైర్లు ఊడదీసే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. కనెక్టర్లని వైరు పట్టుకుని లాగొద్దు. ఎండిపోయిన ప్లాస్టిక్ కాబట్టి వైరు ఊడి చేతికొస్తుంది. క్లిప్పుని నొక్కి ప్లాస్టిక్ తల పట్టుకుని కదుపుతూ లాగాలి.

కాయిల్స్ మీద ఉండే రేకు బ్రాకెట్‌కి స్టార్ గుర్తు స్క్రూలు రెండు. ఫిలిప్స్ రెండో నంబరు స్క్రూడ్రైవర్ సరిపోతుంది. స్థలం ఇరుకు, స్క్రూ లోపలికి పడిపోతే లింట్‌లో వెతుక్కోవాలి కాబట్టి కొనకి అయస్కాంతం ఉన్నది వాడితే హాయి. బ్రాకెట్ లేచాక పాత కాయిల్స్ పైకి జారి వస్తాయి. కొత్తవాటిని అదే చోట కూర్చోబెట్టండి. పిన్నుల లెక్క వేరు కనుక కనెక్టర్లు తారుమారు అయ్యే వీల్లేదు. కాయిల్ మీద చిన్న బొడిపె ఒకటి ఉంటుంది, అది బ్రాకెట్‌లోని కన్నంలో కూర్చోవాలి. కూర్చోకపోతే బ్రాకెట్ ఒక పక్క లేచి ఉంటుంది, బలవంతంగా బిగిస్తే కాయిల్ పగులుతుంది. బాగా కూర్చున్నాక స్క్రూలు గట్టిగానే బిగించండి, వదులుగా ఉంటే నడిచేటప్పుడు జుయ్యిమని మోత వస్తుంది.

పనిలో పనిగా అక్కడ పేరుకున్న లింట్‌ని వాక్యూమ్‌తో లాగేయండి. సన్నటి మూతి వాడండి, ఇగ్నైటర్ జోలికి మాత్రం పోకండి. అది చాక్‌పీసు లాంటిది, వాక్యూమ్ మూతి తగిలినా విరుగుతుంది. కొత్త ఇగ్నైటర్ వేయాల్సి వచ్చినా కాలే భాగాన్ని వేళ్లతో తాకకూడదు, చేతి జిడ్డు అంటితే త్వరగా పాడవుతుంది. ఇగ్నైటర్ కిట్ నంబరు 279311. కొనే ముందు పాతదాని ఆకారం, బ్రాకెట్ పోల్చి చూసుకోండి.

కవాటం తెరిచి, ప్లగ్గు పెట్టి, ప్యానెల్ పెట్టకముందే ఒక పూర్తి లోడు నడిపి చూడండి. మొదటి మంట వచ్చిందని సంబరపడితే సరిపోదు. థర్మోస్టాట్ కట్ చేసి, మళ్లీ ఇగ్నైటర్ వెలిగి, మళ్లీ మంట వచ్చే చక్రం నాలుగైదు సార్లు సాఫీగా జరగాలి.

రెంటిలో ఒకటే పాడైంది కదా, ఒకటే మారుద్దాం అనుకునేవాళ్లకి: రెండూ ఒకే వయసువి, ఒకే వేడి తిన్నవి. రెండోది ఎక్కువ రోజులు ఆగదు. కిట్‌గా అమ్మడంలో వ్యాపారం ఉన్నమాట నిజమే గానీ ఈసారికి వ్యాపారి చెప్పిందే సబబు.

ఒరిజినలా, నకలా

ఆన్‌లైన్‌లో 279834 అని కొడితే వర్ల్‌పూల్ డబ్బాలో వచ్చేది ఒకటి, దాని ధరలో మూడో వంతుకో నాలుగో వంతుకో దొరికే పేరులేని నకళ్లు పదీ కనిపిస్తాయి. అంకెలన్నీ ఒకటే, ఫొటోలు కూడా ఒకటే. నకలు పనిచేయదని చెప్పలేం, చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. తేడా ఎక్కడంటే, నకళ్లలో ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ పొంతన ఉండదు. ఒకదాని పిన్నులు వదులుగా ఉంటాయి, ఇంకోదాని బొడిపె బ్రాకెట్ కన్నంలో పట్టదు, మరోటి మొదటి రోజు నుంచే మోగుతుంది. కొంటే బిగించే ముందు మీటరుతో మూడు అంకెలూ సరిచూసుకోండి. 1,220 రావాల్సిన చోట 1,170కి తక్కువో, 1,270కి ఎక్కువో వస్తే వెంటనే వెనక్కి పంపేయండి. ఒకసారి బిగించిన కరెంటు సామాను వెనక్కి తీసుకోని దుకాణాలు చాలా ఉన్నాయి కాబట్టి కొలత బిగించాక కాదు, ముందే.

మా ఓటు ఒరిజినల్‌కే. డ్రైయర్ పదేళ్లు దాటి, ఇల్లు మారేదాకా నడిస్తే చాలనుకునేవాళ్లకి నకలు సరిపోతుంది. టెక్నీషియన్ ఇంటికొచ్చి చూసిపోతేనే వంద డాలర్లు దాటడం మామూలైన చోట, రెండిట్లో ఏది కొన్నా మిగులే.

ఈ కిట్ చేయలేని పనులు

మంట పసుపుగా, సోమరిగా ఊగుతూ ఉంటే కాయిల్‌తో సంబంధం లేదు. డ్రైయర్ మంట నీలంగా, నిలకడగా, ఫ్యాన్ లాగే గాలికి గొట్టంలోకి సాగుతూ ఉండాలి. కొనల్లో కాస్త పసుపు కనబడినా కంగారు లేదు. మొత్తం పసుపు అంటే గాలి చాలట్లేదని అర్థం. బర్నర్ గొట్టం మూతి దగ్గరున్న గాలి సందుల్లో లింట్ చేరి ఉండొచ్చు, లోపలికి వచ్చే గాలిని సరిచేసే మూత, ఎయిర్ షట్టర్, జరిగి ఉండొచ్చు. అలాంటి మంట కార్బన్ మోనాక్సైడ్ పుట్టిస్తుంది. దానికి వాసన ఉండదు కాబట్టి లాండ్రీ గదికి దగ్గర్లో అలారం తప్పనిసరి.

మంట మరీ పెద్దగా, గొట్టం దాటి ఎగసిపడుతుంటే వేరే కథ. నేచురల్ గ్యాస్‌కి తయారైన డ్రైయర్‌ని మార్పు కిట్ వేయకుండా ప్రొపేన్‌కి కలిపి ఉంటారు. నేచురల్ గ్యాస్ బర్నర్ దగ్గర ఒత్తిడి 3.5 అంగుళాల నీటి మట్టం (గ్యాస్ ఒత్తిడిని ఇలాగే కొలుస్తారు), ప్రొపేన్‌కి 10 నుంచి 11 అంగుళాలు. పెద్ద కన్నమున్న జెట్‌లోంచి, అంటే గ్యాస్ చిమ్మే మూతిలోంచి, మూడింతల ఒత్తిడితో ప్రొపేన్ దూసుకొస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఊరి బయట ట్యాంకు గ్యాస్ ఉన్న ఇంటికి పాత డ్రైయర్‌ని తీసుకెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. జెట్ మార్చడం గ్యాస్ లైసెన్సున్నవాళ్ల పని.

డ్రైయర్ గాలిని ఇంటి బయటికి పంపే గొట్టం, అంటే వెంట్ సంగతి ఎక్కువమంది కొట్టిపారేస్తారు గానీ, మంట మధ్యలో ఆగిపోయే ఇళ్లలో ముందు చూడాల్సింది అదే. డ్రైయర్ నడుస్తుండగా బయట గోడ దగ్గరికి వెళ్లి చూడండి. వెంట్ మూతి రెక్క పూర్తిగా తెరుచుకుని గాలి బలంగా కొట్టాలి. సగం లేచి వణుకుతుంటే దారి మూసుకుపోయినట్టు. నాలుగంగుళాల గట్టి రేకు గొట్టం ఉండాలి. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం ఉంటే ఈ రోజే తీసేయండి. అమెరికా అగ్నిమాపక సంస్థ 2008–2010 లెక్కల ప్రకారం ఇళ్లలో డ్రైయర్ వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయి. శుభ్రం చేయకపోవడమే వాటిలో అన్నిటికన్నా ముందున్న కారణం, 34 శాతం.

ఇక్కడో హెచ్చరిక. వెంట్ గొట్టం ఊడదీసి నడిపి చూడమని చాలా వీడియోల్లో చెబుతారు. అది కరెంటు డ్రైయర్‌కి పనికొచ్చే చిట్కా. గ్యాస్ డ్రైయర్‌ని అలా ఇంట్లో నడిపితే మంట పొగంతా గదిలోకే వస్తుంది. చలికాలంలో వేడి వృథా ఎందుకని వెంట్‌ని నీళ్ల బక్కెట్ లాంటి పెట్టెలోకి మళ్లించే కిట్లు అమ్ముతారు, అవీ గ్యాస్ డ్రైయర్‌కి నిషిద్ధం.

మంట అంటుకునేటప్పుడు భుగ్గుమనడం మామూలే. ఢామ్మని పేలినట్టు శబ్దం వస్తే గ్యాస్ ముందే పోగై ఆలస్యంగా అంటుకుంటోందని అర్థం. బలహీనపడిన ఇగ్నైటరో, మురికి పట్టిన బర్నరో కారణం కావచ్చు. ఆ శబ్దంతో నడుపుతూ కూర్చోకండి. గ్యాస్ వాసన వస్తే అసలు స్విచ్ జోలికే పోవద్దు. ఇంట్లోవాళ్లందరినీ తీసుకుని బయటికి వెళ్లి, అక్కడి నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయాలి. ఏ కారణంగానైనా గ్యాస్ గొట్టం కదిలితే సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసే మొండి ధైర్యం వద్దు.

బోస్టన్ వైపు ఉండే మనవాళ్లకి ఇంకో మాట. మసాచుసెట్స్‌లో గ్యాస్ డ్రైయర్ బిగింపు, రిపేరు లైసెన్సున్న ప్లంబరో, గ్యాస్ ఫిట్టరో చేయాలని తయారీదారు పుస్తకంలోనే రాసి ఉంటుంది. అక్కడ వంచదగిన గ్యాస్ గొట్టం పొడవు మూడడుగులు దాటకూడదు. కాబట్టి ఆ రాష్ట్రంలో ఈ రివ్యూ మీరు బిగించుకోవడానికి కాదు, వచ్చిన మనిషి ఏం మారుస్తున్నాడో, ఎందుకు మారుస్తున్నాడో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

మార్కులు

ఒరిజినల్ కిట్‌కి ఐదుకి నాలుగున్నర. డబ్బాలో ఒక్క కాగితమ్ముక్క, ఓమ్స్ అంకెలు వేసి పెట్టి ఉంటే ఆ అర మార్కు కూడా ఇచ్చేవాళ్లం. నకలుకి మూడు, అదీ మీటరుతో సరిచూసుకున్న డబ్బాకి మాత్రమే. కొత్త కాయిల్స్ వేశాక కూడా ఇగ్నైటర్ వెలిగి ఆరి మంట రాకపోతే, కనెక్టర్లలో వదులు లేకపోతే, గ్యాస్ కవాటం తెరిచే ఉంటే, మిగిలిన అనుమానం వాల్వ్ మీదే. వాల్వ్ మార్చాలంటే గ్యాస్ పైపు విప్పక తప్పదు, కూలీ కూడా కలిపితే ఖర్చు చాలా పెరుగుతుంది. పదేళ్లు దాటిన మిషన్ అయితే అక్కడితో రిపేరు ఆపి, కొత్త డ్రైయర్ ధరలు చూసుకోవడం నయం.